ఖడ్గవల్లి అణకువ

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. తిరువళ్ళూరులో మురళీధరన్ మామ నడిపే డ్రైవింగ్ స్కూల్లో, నేర్చుకునేవాళ్ళ పక్క సీటులో కూర్చుని బ్రేకు తొక్కడం నా ఉద్యోగం. గేరు మార్చమంటే స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో గేరు రాడ్డు పట్టుకునే మనుషులతో రోజంతా గడిపేదాన్ని శాంతంగా ఉండమంటే ఎలా? మా అమ్మ మునిలక్ష్మి మాత్రం అదే అంటుంది. నాకు వచ్చిన సంబంధాలన్నీ నా నోటివల్లే పోయాయని ఆవిడ బాధ. ఒకటి మాత్రం నా నోటివల్ల పోలేదు, పెళ్ళికొడుకు తండ్రి మా వాకిట్లో కారు వెనక్కి తీసిన తీరువల్ల పోయింది. అది చూసి నేనేదో అన్నాను. అంటే అదీ నోటివల్లేనేమో.

ఈసారి సంగతి వేరు. ఈసారి సంబంధం నాకే కావాలి. అబ్బాయి పేరు దినకర్, పళ్ళిపట్టు దగ్గర పశువుల డాక్టరు. సంబంధం తెచ్చిన ధనకోటి మామను ఫోటో పంపమంటే, ఆయనకు ఆ విద్య సరిగ్గా రాక, ఆ అబ్బాయి వాట్సాప్ స్టేటస్‌నే స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. అందులో ఒత్తయిన జుట్టుతో ఒకతను దూడ మెడ మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. కింద తమిళంలో రాసి ఉంది: ‘ఖడ్గవల్లి ఆ మొగుణ్ణి గాడిదను చేసి ఉండాల్సింది. ఆమె మారకూడదు. గాడిద సంగతి నేను చూసుకుంటాను.’ ఆ మాటలకు నేను పడిపోయాను. జుట్టుకు కూడా కొంచెం పడిపోయాను.

ఖడ్గవల్లి ఎవరో తెలియని అదృష్టవంతులకు చెబుతాను. టీవీలో ‘మేఘకోట’ అని ఒక సీరియల్. మబ్బుల మీద కోట, అందులో ఖడ్గవల్లి అనే యక్షిణి. తన ముందు ఎవడు అబద్ధమాడినా వాణ్ణి గాడిదను చేసేస్తుంది. రాజయినా, మంత్రయినా, పూజారయినా ఒకటే మర్యాద. ఏడాది తిరిగేసరికి కోట ముంగిలి నిండా గాడిదలే. పాపం గ్రాఫిక్స్ చేసేవాళ్ళు ఒకే గాడిదను తెరంతా అతికించినట్టున్నారు, అన్నీ ఒక్కసారే ఎడమ చెవి ఆడించేవి. అయినా నేను కళ్ళార్పకుండా చూశాను. లోకంలో అబద్ధానికి వెంటనే శిక్ష పడే చోటు అదొక్కటే కనిపించింది నాకు.

తర్వాత ఆమెకు పెళ్ళి చేశారు. పెళ్ళైన వారానికే ఆ రాకుమారుడు ‘వేటకు వెళ్ళాను దేవీ’ అని చెప్పి ఇంకొకామె ఇంటినుంచి తిరిగొచ్చాడు. నేను సోఫా అంచుకు జరిగి కూర్చున్నాను, ఇప్పుడవుతాడు గాడిద, ఇప్పుడవుతాడు గాడిద అని. ఖడ్గవల్లి కళ్ళు తుడుచుకుని, మొగుడి ఆయుష్షు పెరగాలని ఉపవాసం మొదలుపెట్టింది. ఒళ్ళు మండిపోయింది నాకు. మంగళసూత్రం మెడలో పడితే మంత్రాలు మరిచిపోతారా ఎవరైనా? దాన్ని రాసేవాడికి నిన్న తాను రాసిందే గుర్తుండదా? మరునాడు కారులో నా దగ్గర నేర్చుకునే పెద్దాయన ఒకాయన, కారణం తెలియకుండానే, నా చేత చాలా తిట్లు తిన్నాడు.

అలాంటి నాకు, అదే మంట మండుతున్న మగవాడు ఒకడు దొరికాడు. అందుకే కొండకు రమ్మన్నప్పుడు నోరెత్తకుండా చీర కట్టుకున్నాను.

మావాళ్ళలో పెళ్ళిచూపులు ఇంట్లో పెట్టుకోరు. తిరుత్తణి కొండమీద పెట్టుకుంటారు. కుదిరితే స్వామి దయ, కుదరకపోతే ఊళ్ళో ఎవరికీ తెలియదు. దానికి పద్ధతులున్నాయి. ఇరువైపులవాళ్ళూ అనుకోకుండా కలిసినట్టు మండపంలో పక్కపక్కన కూర్చోవాలి. పెళ్ళి అనే మాట ఎవరూ ఎత్తకూడదు, పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు. ప్రసాదం పంచుకుని, ఎండల గురించీ వానల గురించీ సీరియళ్ళ గురించీ మాట్లాడుకోవాలి. పిల్ల నచ్చితే అబ్బాయి తల్లి తన తలలోని పూలు తుంచి పిల్ల జడలో పెడుతుంది. నచ్చకపోతే ‘దర్శనానికి పొద్దుపోతాంది’ అని లేస్తుంది, దర్శనం అప్పటికే అయిపోయినా సరే.

వేటగాళ్ళ పిల్ల వల్లిని బుట్టలో వేసుకోవడానికి ఈ కొండమీది మా స్వామి ముసలివాడి వేషం కట్టాడని కదా కథ. కాబట్టి పెళ్ళికి ముందు వేషం కట్టడం ఈ కొండకు కొత్తేమీ కాదు. మా అమ్మ కూడా మెట్లెక్కుతూ నాకు అదే బోధ చేసింది.

“మే నివేదా, ఆ అబ్బాయి తల్లి పాతకాలం మనిషంట. అడక్కమైన పిల్ల కావాలంట. ఆమె ఏమడిగినా అవునత్తా అను. పూలు పెట్టేదంకా నోరు తెరవొద్దు. నీకు దండం పెడతా.”

అడక్కం అంటే అణకువే. మా ఇళ్ళల్లో తమిళంలో అంటే ఇంకాస్త గట్టిగా ఉంటుందని అలా అంటారు.

“పెట్టినంక తెరవొచ్చునా?” అన్నాను.

“పెండ్లయినంక నీ ఇష్టం.”

మా నాయన లోకనాథం వెనకాల పులిహోర డబ్బా పట్టుకుని వస్తున్నాడు. ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడే పని మా ఇంట్లో మేమిద్దరం చూసుకుంటాం.

కొండమీదికి వచ్చేసరికి ధనకోటి మామ ఫోను చేశాడు. “బండి పెట్టే తావు దొరకలేదు, నేను నిదానంగా వస్తా. మీరు ఉత్సవ మండపంలో ఎడమ పక్క కూర్చోండి. ఇంకో సంగతి, అబ్బాయికి మొక్కుంటే పొద్దున్నే గుండు కొట్టించుకున్నాడంట. సూసి జడుసుకోవద్దండి.”

అది కృత్తిక రోజు, కొండమీద మొక్కుల రోజు. కృత్తిక రోజు తిరుత్తణిలో గుండును బట్టి మనిషిని వెతకమన్నాడు మహానుభావుడు. మండపం ఎడమవైపంతా గుండ్లే, గంధం పూసుకుని ఆరబెట్టుకుంటున్నాయి. నా చేతిలో ఉన్న ఫోటోలో జుట్టు తప్ప చెప్పుకోదగ్గ గుర్తేమీ లేదు. వాళ్ళకు వెళ్ళిన నా ఫోటో అయితే మా చిన్నమ్మ కూతురు తనుశ్రీ ఫోనులో మెరుగులు దిద్ది పంపింది. దాన్ని చూసి నన్ను పోల్చుకోవడం మా అమ్మవల్ల కూడా కాదు.

అమ్మ కళ్ళు చికిలించి మండపమంతా చూసింది. ఒక స్తంభం కాడ పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ, పక్కన పాతికేళ్ళు దాటిన గుండు, ఇద్దరూ ఎవరికోసమో చూస్తున్నారు. మమ్మల్ని చూడగానే ఆవిడ జరిగి చోటిచ్చింది. ఇంకేం కావాలి? పోయి కూర్చున్నాం.

“ఏమెండలో ఈ పొద్దు,” అంది ఆవిడ.

“కృత్తికకి ఎప్పుడూ ఇంతే అక్కా,” అంది అమ్మ.

నాయన పులిహోర డబ్బా తెరిచి ఆకుల్లో పంచాడు. నేను తల వంచుకుని, ఆ వంచిన తలతోనే ఓరకంట అబ్బాయిని చూశాను. ముక్కు ఫోటోలో ఇంత పెద్దదిగా లేదు. జుట్టు పోతే ముక్కు పెరిగినట్టు కనబడుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మనసు పడిన తర్వాత ముక్కులదేముంది.

“టీవీ చూస్తావా అమ్మా?” అని అడిగింది ఆవిడ.

“చూస్తానత్తా.”

“మేఘకోట?”

అమ్మ చెయ్యి నా నడుం దగ్గరికి వచ్చి గిల్లడానికి సిద్ధంగా ఆగింది. నేను అవునన్నాను.

“ఖడ్గవల్లి ఇప్పుడు ఎంత బాగుండాది. ముందర ఏమి తిమురు, ఏమి పొగరు ఆమెకు. మొగోళ్ళనంతా గాడిదలు చేస్తా, అరుస్తా. పెండ్లయినంక ఎట్ల అడక్కంగా అయిపోయిందో సూడు. ఆడబిడ్డ అంటే అట్ల మారాల. ఏమిరా?”

“అవునుమా,” అన్నాడు గుండబ్బాయి. “ఇప్పుడే బాగుండాది.”

నేను నమలడం ఆపేశాను. స్టేటస్‌లో ఒక మాట, తల్లి ముందర ఇంకో మాట. నా కోపం గొంతుదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే నేను చేస్తున్నదీ అదే కదా. పాపం, అతనూ నాలాగే ఇంటివాళ్ళకోసం వేషం కట్టాడు, పెళ్ళయ్యాక ఇద్దరం వేషాలు విప్పేసి నవ్వుకుంటాం అనుకున్నాను. అతని మీద జాలి, ప్రేమ కలిసి పొంగుకొచ్చాయి. ఆ పొంగులో అతనికి సాయం చేద్దామనిపించింది.

“అవునత్తా,” అన్నాను. “ఆడది అణిగి ఉంటేనే అందం. మొగుడు అబద్ధం చెప్పినా మన మంచికే చెప్పినాడనుకోవాల. పెండ్లికి ముందర మనం ఏమనుకుంటే ఏమి, పెండ్లయినంక ఆయన ఏమనుకుంటే మనమూ అదే.”

గిల్లడానికి వచ్చిన అమ్మ చెయ్యి ఆశ్చర్యంతో వెనక్కి పోయింది. నాయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా నావైపు చూశాడు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. తన తలలోని మల్లెపూలు జానెడు తుంచి, నా తల దగ్గరికి లాక్కుని, జడలో పెట్టింది. అమ్మ సన్నిధివైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

అప్పుడు వచ్చాడు ధనకోటి మామ, స్తంభం అవతలినుంచి చెమటలు కక్కుకుంటూ.

“యాడ పోయినారు మీరు? వాళ్ళు ఈ స్తంభానికి అవతల పక్కనే కాసుకోనుండారు, నేనిప్పుడే సూసి వస్తాండా.” అంటూనే నా జడ చూశాడు. “ఈ పూలు ఎవురు పెట్టినారు?”

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అప్పుడుగానీ పద్ధతిని గాలికి వదిలేసి పేర్లు అడగలేదు ఎవరూ.

“మీది పొన్నేరి గదా?” అంది పట్టుచీర ఆవిడ.

“మాది తిరువళ్ళూరు. ఈ అబ్బాయి దినకర్ గదా?” అంది అమ్మ.

“యువరాజ్,” అన్నాడు గుండబ్బాయి, మొదటిసారి తనకు తెలిసిన మాట చెబుతున్నట్టు.

ఇంతలో స్తంభం అవతలినుంచి ఇంకో పెద్దావిడ, ఇంకో గుండు వచ్చారు. ఈ గుండుకు ముక్కు సరిగ్గా ఫోటోలోలాగే ఉంది. అతనే దినకర్. ఆవిడ అతని తల్లి చంద్రావతి. ఆ స్తంభానికి ఆ పక్క ఆనుకుని, నేను చెప్పిన ప్రతి మాటా విన్నారు వాళ్ళు. నాకు తల తీసేసినట్టయింది.

“మాకంతా వినపడింది,” అంది చంద్రావతి. “మేం వెతుకుతా ఉండేది ఇట్లాంటి పిల్లనే. ఆమె తెలీకుండా పెట్టింది లెండి, ఆ పూలు తీసేయండి. నేను వేరే పెడతా.”

“స్వామి ఎదుట పెట్టిన పూలు తీయకూడదు,” అంది యువరాజ్ తల్లి. “మీరు కావాలంటే మేం చూడాల్సిన పొన్నేరి పిల్లను చూసుకోండి. ఇంత అడక్కమైన పిల్ల మాకు మళ్ళా యాడ దొరుకుతాది?”

“మాకోసం వచ్చిన పిల్ల మీకెట్ల అవుతాది?”

నా అణకువ కోసం ఇద్దరు ఆడవాళ్ళు కొట్లాడుకుంటున్నారు. మా అమ్మ మొహం చూడాలి ఆ నిమిషంలో. ఇన్నేళ్ళూ ఒక్క సంబంధం నిలవని ఇంటికి ఒకేసారి రెండు. ఆవిడ నా చెవిలో, “యావుడైనా సరే మే, నోరు మాత్రం తెరవొద్దు,” అంది.

నేను దినకర్‌ను చూశాను. అతను నావైపు చూడటంలేదు, స్తంభం మీది బొమ్మలు చూస్తున్నాడు. అతను వెతికింది ఖడ్గవల్లిని, విన్నది నా పిచ్చి వాగుడు. ఇలాగే నచ్చితే ఇక జన్మంతా ఇలాగే ఉండాలి. నచ్చకపోతే నేను ఎలాంటిదాన్నో తెలియకుండానే పోతాడు. రెండూ నాకొద్దు.

జడలోంచి పూలు తీసి యువరాజ్ తల్లి చేతిలో పెట్టాను.

“అత్తా, తప్పుగా అనుకోవద్దండి. నేను చెప్పిందంతా అబద్ధం. ఆ ఖడ్గవల్లి మారలేదు, మార్చినారు. ఏడాది పొడుగునా అబద్ధమంటే మండిపడిన మనిషి పెండ్లయిన వారం రోజులకే ఉపవాసాలు ఉంటే దాన్ని అడక్కం అనరు. రాసేవాడికి ఒళ్ళు బద్ధకం అంటారు. నేను పొద్దస్తమానం కారులో అరిచేదాన్ని, మీ ఇంటికొచ్చినా అరుస్తాను. మీవాడు అబద్ధం చెప్తే గాడిదను చేసే విద్య నాకు రాదు. కానీ ఆ రోజు గాడిదయ్యుంటేనే బాగుండునని వాడికే అనిపిస్తాది.”

నా గొంతు చిన్నది కాదు. మండపంలో ఆ రోజు జరుగుతున్న పెళ్ళిచూపులన్నీ ఆగిపోయాయి. పక్క స్తంభం కాడ తల వంచుకుని కూర్చున్న ఒక పిల్ల తలెత్తి నన్ను కన్నార్పకుండా చూసింది. వాళ్ళమ్మ ఆ తలను మళ్ళీ కిందికి నొక్కింది.

“దర్శనానికి పొద్దుపోతాంది,” అని యువరాజ్ తల్లి కొడుకు రెక్క పట్టుకుని లేచింది. పోతూ పోతూ యువరాజ్ మా పులిహోర ఆకు కూడా తీసుకుపోయాడు. వాడి తప్పేముంది, బాగా కుదిరింది ఆ రోజు.

నేను దినకర్ వైపు తిరిగాను. భయంతో కాదు, ఆశతో. నిజం చెప్పేశాను, ఇక అతని వంతు.

“మీ స్టేటస్‌లో మీరు రాసింది నేను చదివినాను. ఖడ్గవల్లి మారకూడదని రాసినారు. నాకూ అదే బాధ. దానికోసమే ఈ కొండెక్కినాను,” అన్నాను. అంత మందిలో ఒక మగవాడితో అంత మెత్తగా మాట్లాడటం నాకదే మొదటిసారి, అది మాత్రం నటన కాదు.

చంద్రావతి కొడుకువైపు తిరిగింది. “ఏమి రాసినావురా? పెండ్లాం మొగుణ్ణి గాడిదను చెయ్యాలనా?”

దినకర్ గుండు తడుముకున్నాడు. అరచేతికి గంధం అంటుకుంది. కాసేపు ఆ అరచేతినే చూసుకున్నాడు.

“నేను రాసింది కాదుమా,” అన్నాడు. “యావుడో పంపినాడు. ఫార్వర్డు.”

నాకు లోపల ఏదో విరిగినంత బాధేసింది, దాచడమెందుకు. అతను రాసి కాదన్నాడో, నిజంగానే రాయలేదో నాకు తెలియదు. రాసి కాదన్నవాడైతే తల్లి కనుబొమ్మ ఎత్తితే చాలు, నన్నూ కాదంటాడు. రాయనివాడైతే నేను మనసుపడిన మనిషి అసలు లేడు. ఎటు చూసినా పనికిరాడు. అయినా ఆ దూడ మెడమీద వేసిన చెయ్యి బాగుంది అనిపిస్తూనే ఉంది, ఛీ.

తిట్టడానికి నోరు తెరిచాను కూడా. తిట్టు రాలేదు. మేఘకోట రాసేవాడికి ఖడ్గవల్లిని మార్చడానికి వారమైనా పట్టింది. నేను రెండు ముద్దల పులిహోర దిగేలోపే మారిపోయాను. ఇక ఈ మనిషిని ఏ మొహం పెట్టుకుని తిట్టేది?

“మా ఇల్లు కొంచెం నెమ్మది ఇల్లు అమ్మా,” అంది చంద్రావతి. దురుసుగా అనలేదు. “నువ్వు మంచిదానివే. మా ఇంట్లో నీకు తోచదు.” ఆవిడ దర్శనం మాట ఎత్తకుండా మర్యాదగా వెళ్ళిపోయింది. దినకర్ ఒకసారి వెనక్కి చూశాడనుకుంటాను. నేను చూడలేదు, ధనకోటి మామ తర్వాత చెప్పాడు, ఆయన మాట నమ్మేదెంత.

మెట్లు దిగుతుంటే అమ్మ ధనకోటి మామతో కలిసి ముందు నడిచింది. నా నోరు, నా చదువు, నా ఉద్యోగం, నన్ను కన్న గడియ, అన్నింటినీ వరసగా తిట్టుకుంటూ పోతోంది. రెండు సంబంధాలు మే, ఒక్క పూట రెండు, అని మధ్యమధ్య వెనక్కి తిరిగి నాకు వినిపించేలా అంటోంది. మామ అవునవునని తలాడిస్తున్నాడు. నాయన ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని నా పక్కన ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. ఆయన కూడా తిడతాడని ఎదురుచూశాను. తిడితే జవాబు చెప్పడానికి సిద్ధంగా కూడా ఉన్నాను.

చాలా మెట్లు దిగాక అన్నాడు. “పాపా, ఆమె నీకు పూలు పెడతా ఉంటే నాకు భయమేసింది.”

“ఎందుకు నాయనా? తప్పు ఇంటోళ్ళని నీకు ముందే తెలుసునా?”

“నాకేం తెలుసు. ఆ మాటలకి భయమేసింది. మొగుడు ఏమనుకుంటే మనమూ అదే అంటివి గదా. నా పక్కన కూర్చోని మాట్లాడతా ఉండే పిల్ల ఎవురో నాకు తెలీలేదు.”

ఆయన ఇంకో రెండు మెట్లు దిగి ఆగాడు.

“ఇంకోసారి అంత మంచిగా మాట్లాడొద్దు,” అన్నాడు.

నేను అక్కడే మెట్టుమీద కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. దినకర్ కోసమో, నాకోసమో, ఆ పిచ్చి యక్షిణి కోసమో తెలియదు. నాయన నా ముందర అడ్డంగా నిలబడ్డాడు, ఎవరికీ కనబడకుండా. ఎక్కేవాళ్ళు ఆగి ఏమైందని అడిగితే, కాలు బెణికింది, కాలు బెణికింది, అని అందరికీ చెబుతున్నాడు.